జింకల మేడలో రాముడి విడిది

మలయా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కొట్టుకి పటం కట్టించుకోడానికి వచ్చినవాళ్ళు పటం మాట మరిచిపోయి రబ్బరు చెట్టు మాట అడుగుతున్నారు. పాలు కారుతుందటగా, ఆవుని పిండినట్టు పిండుతారా అని. ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు. విజయనగరంలో దేవుడి పటాలకి అద్దాలూ చట్రాలూ వేసుకుని బతికేవాణ్ణి, నాకు నోటి పని కంటే చేతి పని సుఖం. అందుకని చూసింది చూసినట్టు ఒక్కసారే రాసి పడేస్తున్నాను. ఇందులో రబ్బరు చెట్టు గురించి పెద్దగా ఉండదు. ఒక బొమ్మ గురించీ, మా అక్క గురించీ ఉంటుంది.

మా రాజ్యం అక్కని మలయాలో రబ్బరు తోట కిరాణీకిచ్చి చేశారు. కిరాణీ అంటే అక్కడ తోట ఆఫీసులో గుమాస్తా. యుద్ధానికి ముందు వెళ్ళింది, మళ్ళీ ఇటు రాలేదు. మెర్డెకా, అంటే వాళ్ళ స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు బావగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. తోట అమ్మేశారట, దొర సీమకి వెళ్ళిపోతున్నాడట, అతని హాల్లో గోడ మీదున్న పాత మేడల బొమ్మలు అమ్ముతాడేమో వచ్చి చూసుకోమన్నారు. అక్కని చూడాలని ఒక ఆశ, బొమ్మలు కొనాలని ఒక ఆశ పెట్టుకుని బయల్దేరాను. ఏది పెద్ద ఆశో చెప్పను. ఇది అక్క కూడా చదువుతుంది.

ఆ బొమ్మల మీద నాకు పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. ఒక జమీందారుగారి దివాణం సామాను వేలానికి వచ్చినప్పుడు అలాంటిది ఒకటి నా చేతిలో పడింది. ఇంగ్లండులో పెద్దవాళ్ళకి పల్లెల్లో ఉండే పాత మేడలవి. ఎప్పుడో మా తాతల కాలంలో పెద్ద పుస్తకాల్లో అచ్చువేశారు. తర్వాతివాళ్ళు కాగితాలు విప్పి చట్రాల్లో పెట్టుకున్నారు. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క అచ్చు చెక్కి, బందరు అద్దకంవాళ్ళు బట్ట మీద అద్దినట్టు ఒకదాని మీద ఒకటి అద్దుతారు. నీలం మీద పసుపు పడి ఆకుపచ్చవుతుంది. ఆ పచ్చిక పచ్చదనం మన కేలెండరు బొమ్మల్లో ఎక్కడా రాదు. ఆ బొమ్మ కొట్లో నాలుగు రోజులుండి అమ్ముడుపోయింది. డబ్బు ఖర్చయిపోయింది గానీ దిగులు అలాగే ఉండిపోయింది.

పినాంగు

మద్రాసులో ఓడెక్కిన సంగతీ, నాగపట్నం దాటాక నేను తిన్నదంతా సముద్రానికి సమర్పించుకున్న సంగతీ వదిలేస్తాను. పినాంగులో దిగాక మొదటి రోజంతా నేల ఊగుతూనే ఉంది.

ఆ ఊళ్ళో కావడి అన్నం తిన్నాను. తమిళ సాయిబులు మన కావడిలాంటి దానికే ఒక పక్క అన్నం, ఒక పక్క కూరలు వేసుకుని వీధుల్లో అమ్ముతారు. నాలుగు రకాల పులుసులు ఒకే అన్నం మీద పోసేశాడు. మా ఇంట్లో అలా వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. అక్కడ మాత్రం మారు అడిగాను.

కాఫీ గింజల్ని చీనావాళ్ళు వెన్నా చక్కెరా వేసి నల్లగా వేయిస్తారు. ఇంటికి పట్టుకెళ్ళాలంటే గిన్నె అక్కర్లేదు. ఖాళీ అయిన పాలడబ్బాకి పైన పురికొస కట్టి, అందులో కాఫీ పోసి చేతికిస్తారు. పది సెంట్లు. వీధిలో ఎవరిని చూసినా వేలికి ఒక డబ్బా వేలాడదీసుకుని నడుస్తున్నారు. నాకు ఆ ఏర్పాటు తెగ నచ్చి, తాగేశాక డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నాను.

ఆవకాయకి బాయినెట్టు

మర్నాడు పడవలో అవతలి ఒడ్డుకి దాటి సుంగై పెటాని బస్సెక్కాను. దారికి రెండు పక్కలా రబ్బరు చెట్లు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. దారి మధ్యలో కర్ర అడ్డంపెట్టి పోలీసులు బస్సాపారు. అడవిలో కమ్యూనిస్టులున్నారు, వాళ్ళకి తిండి చేరకూడదని అత్యవసర చట్టం. కొన్ని ఊళ్ళలో కొట్లో అమ్మిన డబ్బాకి అక్కడే చిల్లు పెట్టి ఇస్తారట, అడవిలో దాచుకుంటే పాడైపోవాలని.

నా దగ్గర అక్క కోసం మా ఆవిడ పెట్టిన ఆవకాయ ఉంది. మూత ఊడకుండా కంసాలి చేత మాటు వేయించిన డబ్బా. మలాయ్ పోలీసాయన దాన్ని ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు, చివరికి బాయినెట్టుతో పొడిచాడు. ఎర్రటి నూనె నా పంచె మీదుగా, పక్కనున్న చీనా ముసలమ్మ కోళ్ళ బుట్ట మీదుగా కారింది. ఆయన వేలికంటిన నూనె నాకి, “అచార్” అన్నాడు. మరి కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ మమ్మల్ని పొమ్మన్నాడు. సుంగై పెటాని దాకా బస్సంతా మా ఆవిడ పేరే తలుచుకుంది, ఏ భాషలో తిట్టారో నాకు తెలియదు.

ఊరి మొదట్లో మెర్డెకాకి కట్టిన కర్ర తోరణం ఇంకా ఉంది. వానలకి అక్షరాలు కారి రంగు వెలిసిపోయింది. బావగారు దాని కింద సైకిలు పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసే ముందు నా పంచె చూసి, “ఎవరినైనా పొడిచొచ్చావా ఏమిటోయ్” అన్నారు.

అక్క ఇల్లు

తోట కిరాణీ ఇల్లు చెక్క ఇల్లు. రేకు కప్పు, నాలుగు మెట్లు, ముందు పొడుగాటి వసారా. మా పెంకుటింట్లో పదిమంది సర్దుకుంటుంటే ఇక్కడ వసారాలోనే పాతికమంది పంక్తి తీర్చొచ్చు. అక్క జుట్టు నెరిసింది. నన్ను చూసి ఏడ్చి, ఆవకాయ డబ్బా చూసి మళ్ళీ ఏడ్చింది. మిగిలిన ఊటని ఆ రాత్రే అన్నంలో కలుపుకుంది.

మర్నాడు పొద్దున్న కాఫీ తెస్తానని వెనక వసారాలో మేకుకి వేలాడుతున్న పాలడబ్బా తీశాను. అక్క చటుక్కున లాక్కుంది.

“అది ముట్టుకోకురా. లైనువాళ్ళు పనికొస్తే మంచినీళ్ళకీ కాఫీకీ పెట్టాను.”

లైనువాళ్ళంటే రబ్బరు గీసే కూలీలు. వరసగా కట్టిన గదుల్లో ఉంటారు కాబట్టి ఆ పేరు. వాళ్ళూ మనవాళ్ళే, శ్రీకాకుళం, బొబ్బిలి పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు. మన ఊళ్ళో ఇదే మర్యాదకి కొబ్బరిచిప్ప వాడతారు, సముద్రం దాటాక అది పాలడబ్బా అయింది. నేను నా సంచిలోని పినాంగు డబ్బా పట్టుకుని కాఫీ కొట్టుకి వెళ్ళాను.

ముళ్ళకంచె లోపల

లైన్ల చుట్టూ నిలువెత్తు ముళ్ళకంచె, గేటు దగ్గర కాపలా. పొద్దుగూకితే ఎవరూ బయటికి రాకూడదు. అయినా నేను వెళ్ళేసరికి లోపల పందిరి వేస్తున్నారు, శ్రీరామనవమి దగ్గరపడింది. పందిరి వేయిస్తున్న పెద్దాయన తవిటయ్య, లైన్లకి ఆయనే పెద్ద. నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

“ఇజీనారం బాబు గదా తమరు? మా అయ్యది బొబ్బిలి కాడ. నానిక్కడే పుట్నాను. కూకోండి బాబూ, కుర్సీ తెస్తారు.”

నేను అరుగు మీదే కూర్చుని, మా వీధిలో రాముడి పెళ్ళి ఎలా చేస్తామో చెప్పాను. పెళ్ళికొడుకువారికి విడిది ఇల్లు మేమిస్తామంటే మేమిస్తామని ఏటా నాలుగిళ్ళవాళ్ళు తగువు పడతారు, కిందటేడు మాటలు కూడా మానేశారు. ఇక్కడ విడిది ఎవరింట్లో అని అడిగాను.

“ఎవులింట్లోనూ కాదు బాబూ. దొర బొమ్మలో.”

నాకు అర్థం కాలేదు. ఆయన నిమ్మళంగా చెప్పాడు.

“లైనులో గది ఒకటే. అందులోనే పొయ్యి, అందులోనే పడక. రావుడంతటి పెల్లికొడుకుని పొయ్యి కాడ ఎలాగ కూకోబెడతాం? మా అయ్య బంగళాలో తోటపని సేసీవోడు. గోడ మీద ఒక మేడ బొమ్మ సూసినాడు. పండక్కి ఇమ్మని దొరసాన్ని అడిగితే ‘బోలే’ అన్నాదట, అలాగే తీసుకెల్లమని. ఆ యేటి నుంచి అదే మా ఇడిది. రావుడి పటాన్ని దాని ముంగట ఎట్టి, తాంబూలం ఇచ్చి, ఎదురుకోలు సేసి పందిట్లోకి తెస్తాం. దొరలు మారినా ఆ బొమ్మ ఇవ్వనన్నోడు ఒక్కడూ నేడు.”

“ఏ మేడ?”

“జింకల మేడ. ముంగట పచ్చిక మీద జింకలుంటాయి. అదొక్కటే సిక్కు. సీతమ్మ సూసిందంటే మల్లీ కత మొదలు గదా బాబూ. అందికని పెల్లి అయ్యీదాకా జింకల మీద తమలపాకులు అంటించేస్తాం.”

నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“తమరు బొమ్మలు కొనడానికి ఒచ్చినారని కిరానీ బాబు సెప్పినారు. అన్నీ కొనుక్కోండి. ఆ ఒక్కటీ మట్టుకు పండగ దాకా మాకుంచండి. ఈ తోటలో ఇదే ఆకరి పెల్లి. తోట ముక్కలు సేసి అమ్మేత్తన్నారు, ఒచ్చే నెలలో లైన్లు కాలీ సెయ్యాల. ఆకరిసారి పెల్లికొడుకుని బయట నిలబెట్టకూడదు గదా.”

అడుగుతానని మాటిచ్చాను. కంచెలోంచి చూస్తే అక్క ఇంటి వసారా తెల్లగా కనబడుతోంది. అంత వసారా ఎదురుగా ఉండగా బొమ్మ ఎందుకని అడక్కుండా ఉండలేకపోయాను.

తవిటయ్య అటు చూడలేదు. “దొరని బొమ్మ అడిగితే బొమ్మే గదా ఇస్తాడు. ఇల్లు అడిగితే ఇల్లే ఇవ్వాల” అని, పందిరి గుంజ దగ్గరికి వెళ్ళిపోయాడు.

బంగళా

బావగారి వెంట వెళ్ళేసరికి దొర బంగళా గోడల మీద బొమ్మలు దించిన చోటల్లా లేతరంగు చదరాలు మిగిలాయి. బొమ్మలు నేల మీద గోడకి చేరవేసి ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. చెరువు పక్కన మేడ, దాని నీడ నీళ్ళలో. బోలెడన్ని మెట్లున్న మేడ, మెట్ల మీద గొడుగు పట్టుకున్న చీమంత దొరసాని. తేమకి కొన్నిటికి గోధుమరంగు మచ్చలు పడ్డాయి, ఆకాశం వెలిసింది, ఆకుపచ్చ మాత్రం అలాగే ఉంది. చివర్న జింకల మేడ. బూడిదరంగు రాయి, లెక్కలేనన్ని పొగగొట్టాలు, ముందు పచ్చిక మీద మేస్తున్న జింకలు. అద్దం మూల పసుపు మరక ఉంది. జింకల దగ్గర ఆకులు అంటించి తీసిన జిగురు జాడ ఉంది. పటాలు కట్టేవాడిగా నా చేయి దాన్ని తుడవబోయింది, ఎందుకో ఆగిపోయింది.

దొర పొడుగ్గా, ఎర్రగా, మర్యాదగా ఉన్నాడు. టీ ఇప్పించాడు. దొరసాని కిందటేడే సీమకి వెళ్ళిపోయిందట. మిగతా బొమ్మలు ఏవి కావాలంటే అవి తీసుకో, జింకలది మాత్రం ఇవ్వనన్నాడు. బావగారు, ఆఫీసులో మాట్లాడే గొంతుతోనే, పండగ దాకా ఉంచమని లైనువాళ్ళు అడుగుతున్నారని చెప్పారు. పెట్టెలు రేపే ఓడకి వెళ్ళాలి, తను ఎల్లుండి వెళ్ళాలి అన్నాడు దొర. కాసేపు బొమ్మ వైపు చూసి, ఆ మేడ ఇప్పుడు లేదన్నాడు. యుద్ధం తర్వాత పన్నులు కట్టలేక పడగొట్టేశారట. రాళ్ళు కూడా బండికింతని అమ్మేశారట. వాళ్ళ తాత ఆ మేడలో తోటమాలి. ఈ బొమ్మ తను ఈ తోటకి వచ్చేనాటికే గోడ మీద ఉందట. చూడగానే గుర్తుపట్టి, పాత దొర దగ్గర కొన్నాడట.

“మా తాత బతికినన్నాళ్ళూ ఆ ఇంటి ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళలేదు” అన్నాడు ఇంగ్లీషులో, నాకర్థమయ్యేలా నెమ్మదిగా. “మీవాళ్ళ రాముడు ఏటా వెళ్ళాడు. నాకు సంతోషంగానే ఉండేది.”

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. చెరువు మేడా మెట్ల మేడా కొన్నాను. బేరం కూడా సరిగ్గా చెయ్యలేదు.

ఆ రెండూ పట్టుకుని తిన్నగా తవిటయ్య దగ్గరికే వెళ్ళాను. జింకల మేడ వెళ్ళిపోతోంది, వీటిలో ఏది కావాలంటే అది పెట్టుకోండి, పండగయ్యాకే తీసుకెళ్తాను అన్నాను. చుట్టూ ఆడవాళ్ళు చేరి మెట్ల మేడని చాలాసేపు చూశారు. బాగుందన్నారు. తవిటయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఎరగని ఇంట్లో పెల్లికొడుకుని ఎలాగ దించుతాం బాబూ? ఆ మేడైతే మా అయ్య నాటి నుంచి ఎరుగుదుం.”

విడిది

రాత్రి భోజనాల దగ్గర బావగారు ఈ సంగతంతా చెబుతుంటే అక్క చారు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“మన వసారా ఉంది కదండీ” అంది.

“ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేమిటే?”

“ఇన్నేళ్ళూ వసారా ఉంది. వాళ్ళు అడగలేదు కదా అని నేననుకున్నాను. ఈవిడ పిలవలేదు కదా అని వాళ్ళనుకుని ఉంటారు. ఏటా నవమినాడు వెళ్ళి కుర్చీలో కూర్చుని, పందిరి చందా ఇచ్చి, తలంబ్రాలు కాకుండానే ఇంటికొచ్చేసేదాన్ని. వంటింట్లోకి పెళ్ళిపాటలు వినబడుతుండేవి. అవన్నీ మా అమ్మ పాడినవే. ఒక్కదాన్నే పప్పు కలుపుకుంటూ పాడుకునేదాన్ని.” అక్క నా వైపు తిరిగింది. “సిగ్గేస్తోందిరా తమ్ముడూ.”

పొద్దున్నే అక్క తనే గేటు దాటి లైన్లకి వెళ్ళి పిలిచొచ్చింది. తవిటయ్య చేతులు కట్టుకుని “తమరి దయ అమ్మగోరు” అన్నాడట.

నవమినాడు అక్క తెల్లారకముందే లేచి మెట్లు కడిగి, వసారా అంతా ముగ్గు పెట్టింది. కొబ్బరాకు పందిరి నేను కట్టాను, నిటారుగానే కట్టానని నా ఉద్దేశం. అక్కడ మన బెల్లం దొరకదు. గులా మెలకా అని తాటిబెల్లంలాంటి నల్ల బెల్లం ఉంటుంది, దాంతోనే పెద్ద బిందెడు పానకం కలిపింది. పెట్టె అడుగున ఉన్న తన పెళ్ళినాటి ఇత్తడి గ్లాసులన్నీ చింతపండుతో తోమి పళ్ళెంలో పేర్చింది.

సన్నాయి లేదు. డోలూ, తాళాలూ, ఒక మలాయ్ బ్యాండువాళ్ళ దగ్గర అరువు తెచ్చిన బాకా. ఊరేగింపు గేటు దాటి కిరాణీ ఇంటి వైపు రావడం అదే మొదటిసారి. కాపలా పోలీసు కూడా వెనకే వచ్చాడు. తవిటయ్య రాముడి పటాన్ని తల మీద పెట్టుకుని కింది మెట్టు దాకా వచ్చి ఆగాడు. పటం అక్క చేతికిచ్చాడు. అక్క దాన్ని లోపలికి తీసుకెళ్ళి పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, వెనక్కి తిరిగింది. వసారాలోకి ఒక్కరూ రాలేదు. అందరూ ఎండలోనే నిలబడి ఉన్నారు.

“లోపలికి రండి. చాపలు వేశాను” అంది అక్క.

“పర్లేదమ్మగోరు, ఇక్కడ బాగానే ఉంది” అన్నారు ఆడవాళ్ళు.

రెండుసార్లు పిలిచింది. వాళ్ళు నవ్వుతూ తలలూపారు గానీ కదల్లేదు. సరేనని అక్క గ్లాసుల పళ్ళెం పట్టుకుని మెట్లు దిగింది. అప్పటికే వాళ్ళు నడుముల్లోంచీ కొంగుల్లోంచీ ఎవరి గిన్నెలు వాళ్ళు తీశారు. సత్తు గ్లాసులు, ఎనామిలు కప్పులు, పురికొస కట్టిన పాలడబ్బాలు. కిరాణీ ఇంటికి వెళ్ళేటప్పుడు తెచ్చుకోవాలని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెచ్చుకున్నారు.

అక్క పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడింది. డోలు ఆగింది. అప్పుడు తవిటయ్య ముందుకొచ్చి పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసుకున్నాడు. తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగాడు. తాగాక కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగి, మెట్టు మీద బోర్లించాడు. అది అలవాటు, ఆయనకి తెలిసి చేసింది కాదు. నేను వెళ్ళి కొబ్బరాకులు సర్దుతున్నట్టు నటించాను. నాకు ఆ గ్లాసు చూడబుద్ధి కాలేదు.

ఎదురుకోలు అక్కే చేసింది. తర్వాత పటం వెంట తనూ నడిచి లైన్ల పందిట్లోకి వెళ్ళింది. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చుంది. తలంబ్రాల దగ్గర పాట ఎత్తుకుని మూడో చరణంలో మరిచిపోయింది. ఆడవాళ్ళు అందుకుని, తమ యాసలో పూర్తి చేశారు. ఈసారి జింకలకి తమలపాకులు అంటించే పని లేకపోయింది. ఆ ఆకులేం చెయ్యాలో తోచక తవిటయ్య అందరికీ తాంబూలంలో పంచేశాడు.

పొద్దువాలక ముందే గేటు మూసేస్తారు. అక్కా నేనూ బయల్దేరుతుంటే తవిటయ్య గేటు దాకా వచ్చాడు. ఆ లైన్లలో ఎవరు ఏ తోటకి పోతారో, ఎవరు ఓడెక్కుతారో అప్పటికింకా ఎవరికీ తెలియదు. వచ్చే ఏటికి ఆ పందిరి ఉండదనీ, తోటతో పాటే అక్క ఇల్లూ ఉండదనీ మాత్రం ముగ్గురికీ తెలుసు.

“ఈ యేడు అలవాటు నేక నిలబడిపోనాం అమ్మగోరు, ఏటీ అనుకోకండి” అన్నాడు తవిటయ్య. “ఒచ్చే యేడు లోనకే ఒచ్చి కూకుంటాం.”

అక్క కంచె తీగ పట్టుకుంది.

“రండి తాతా” అంది. “గ్లాసులు మాత్రం తెచ్చుకోకండి.”